మోయగలిగినంతే వేట: అమెరికా ఉమ్మడి అడవుల్లో ఒంటరిగా ఎల్క్ వెంట

అమెరికా పడమటి రాష్ట్రాల్లో ఎల్క్ వేట సెప్టెంబరులో విల్లంబులతో మొదలై, అక్టోబరు, నవంబరుల్లో తుపాకులతో సాగుతుంది. కొలరాడో, వయోమింగ్, మోంటానా, ఐడహో కొండల్లోకి ఆ మూడు నెలల్లో లక్షల మంది వెళతారు. చాలామంది జట్లు కట్టుకుని వెళతారు. స్తోమత ఉన్నవారు గుర్రాలనూ, దారి చూపే గైడునూ పెట్టుకుంటారు. పెద్ద మొత్తం చెల్లించి ప్రైవేటు పశుక్షేత్రాల్లో వేటాడేవారూ ఉన్నారు. ఇవేవీ లేకుండా ఒంటరిగా, కాలినడకన, ప్రభుత్వ భూమిలోనే వేటాడేవారు మరికొందరు. వీపున సంచి, జేబులో లైసెన్సు, చేతిలో విల్లో రైఫిలో తప్ప వీరికి వేరే ఆసరా ఉండదు. అడవి దేశ ప్రజలందరిదీ, జంతువు రాష్ట్ర ప్రజలందరిదీ. శ్రమ, ప్రమాదం, బాధ్యత మాత్రం ఒక్కరివే.

ఈ వేటలో అసలు కష్టం జంతువు నేలకొరిగాక మొదలవుతుంది. మూడొందల కిలోల శరీరాన్ని విడదీసి, మాంసం పాడవకముందే, ఒక మనిషి తన వీపు మీద కిలోమీటర్ల కొద్దీ మోసి రోడ్డుకు చేర్చాలి. ఎక్కడ వెతకాలి, ఎంత లోపలికి వెళ్లాలి, ఎదురుపడ్డ జంతువును కొట్టాలా వదిలేయాలా అన్న నిర్ణయాలన్నీ ఆ మోతను తలచుకునే తీసుకోవాలి. మోయలేనిదాన్ని చంపకూడదన్నది ఒంటరి వేటగాడి మొదటి నియమం. ఆ ఒక్క నియమం వెనుక శతాబ్దానికి పైగా పెరిగిన చట్టాలు, భూముల చరిత్ర, వన్యప్రాణుల లెక్కలు ఉన్నాయి.

కొండల మీది పెద్ద జింక

ఉత్తర అమెరికా జింకల్లో మూస్ తర్వాత అతి పెద్దది ఎల్క్. రాకీ పర్వతాల్లో తిరిగే మగ ఎల్క్ సగటున 315 కిలోలు, ఆడది 225 కిలోలు తూగుతాయి. మగది భుజం దగ్గర దాదాపు మీటరున్నర ఎత్తు ఉంటుంది. నల్లమలలో కనిపించే కణితి మన దేశపు జింకల్లో అన్నిటికంటే పెద్దది. సగటు మగ ఎల్క్ దానికంటే బరువైనది. మన దేశంలో ఎల్క్‌కు దగ్గరి బంధువు కశ్మీర్‌లోని దాచిగాం అడవిలో మిగిలి ఉన్న హంగుల్.

మగ ఎల్క్ కొమ్ములు ఏటా వసంతంలో రాలిపోయి మళ్లీ మొలుస్తాయి. మెత్తటి చర్మం కప్పుకుని పెరిగే వేసవి రోజుల్లో అవి రోజుకు రెండున్నర సెంటీమీటర్ల వరకూ సాగగలవు. ఆగస్టు చివరికి గట్టిపడి, చెట్లకు రుద్దగా పైచర్మం ఊడిపోతుంది. బాగా ఎదిగిన జత 18 కిలోల దాకా తూగుతుంది. సెప్టెంబరు జత కట్టే కాలం. మగవి ఆడ మందలను తమ చుట్టూ పోగు చేసుకుని, పోటీదారులను హెచ్చరిస్తూ అరుస్తాయి. లోగొంతులో మొదలై, సన్నని ఈలలా పైకెగసి, గుర్రుమనే తెంపులతో ముగిసే ఆ అరుపు లోయ అవతలి గట్టు దాకా వినిపిస్తుంది. ఈ నెలలో మగవి మేత మరిచి తిరిగి బాగా చిక్కిపోతాయి. జత కట్టే కాలం ముగిశాక గుంపును విడిచి, దట్టమైన చెట్ల మధ్య ఒంటరిగా పడి ఉంటూ ఒళ్లు కూడదీసుకుంటాయి.

కళ్లు, చెవులు, ముక్కు మూడూ చురుకైనవే. అందులో ముక్కుదే పైచేయి. కదలకుండా నిలబడ్డ మనిషిని ఎల్క్ గుర్తుపట్టకపోవచ్చు. చిన్న చప్పుడు విన్నా ఇంకో ఎల్క్ అనుకుని ఊరుకోవచ్చు. మనిషి వాసన ఒక్కసారి తగిలిందంటే మాత్రం మంద మొత్తం కొండ దాటిపోతుంది.

పోయి తిరిగివచ్చిన మందలు

యూరపువాళ్లు రాకముందు ఈ ఖండంలో కోటి ఎల్క్‌లు ఉండేవని అంచనా. 19వ శతాబ్దంలో మాంసం కోసం, తోళ్ల కోసం సాగిన వ్యాపార వేట, మేత భూముల్లోకి పశువుల రాక, అడవుల నరికివేత వాటిని తుడిచిపెట్టాయి. పై దవడలోని రెండు దంతాల కోసమే చంపి కళేబరాన్ని వదిలేసిన రోజులూ ఉన్నాయి. ఆ దంతాలు గడియారపు గొలుసులకు అలంకారాలుగా అమ్ముడయ్యేవి. తూర్పు ప్రాంతపు ఎల్క్ ఉపజాతి, నైరుతి ప్రాంతంలోని మెరియం ఎల్క్ పూర్తిగా అంతరించాయి. 20వ శతాబ్దం మొదలయ్యేనాటికి దేశం మొత్తం మీద లక్ష కూడా మిగల్లేదు. కొలరాడోలో ఆ సంఖ్య వెయ్యి లోపుకు పడిపోయింది.

తేరుకోవడానికి దశాబ్దాలు పట్టింది. థియొడోర్ రూజ్‌వెల్ట్, మరికొందరు వేటగాళ్లు కలిసి 1887లో బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ పెట్టారు. అక్రమంగా చంపిన జంతువులను రాష్ట్రాల సరిహద్దులు దాటించడాన్ని 1900లో లేసీ చట్టం నేరం చేసింది. అడవి జంతువుల మాంసం అమ్మకం ఆగిపోయింది. కొలరాడో ఎల్క్ వేటను నిషేధించి, వయోమింగ్ నుంచి జంతువులను తెప్పించి కొండల్లో వదిలింది. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం తుపాకులు, తూటాల మీద వసూలయ్యే 10 నుంచి 11 శాతం పన్ను సొమ్మును రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు కట్టబెట్టింది. తర్వాత విల్లంబులూ ఆ పన్ను కిందికి వచ్చాయి. లైసెన్సు రుసుములు, ఈ పన్ను కలిసి వన్యప్రాణుల లెక్కింపుకు, ఆవాసాల రక్షణకు, వార్డెన్ల జీతాలకు నేటికీ మూలధనంగా నిలుస్తున్నాయి. ఇప్పుడు ఖండంలో సుమారు పది లక్షల ఎల్క్‌లు ఉన్నాయి. వాటిలో నాలుగోవంతుకు పైగా ఒక్క కొలరాడోలోనే ఉన్నాయి.

ఎవరి భూమి?

అమెరికా భూభాగంలో సుమారు 28 శాతం, అంటే 64 కోట్ల ఎకరాలు కేంద్ర ప్రభుత్వం చేతిలో ఉన్నాయి. వీటిలో 24.5 కోట్ల ఎకరాలను భూ నిర్వహణ సంస్థ, 19.3 కోట్ల ఎకరాలను అటవీ సేవా సంస్థ చూసుకుంటాయి. ఎల్లోస్టోన్ వంటి జాతీయ పార్కుల్లో సాధారణంగా వేట నిషిద్ధం. జాతీయ అడవుల్లో మాత్రం రాష్ట్రం లైసెన్సు ఉన్న ఎవరైనా నడిచి వెళ్లి వేటాడవచ్చు. ప్రవేశ రుసుము లేదు, భూస్వామి అనుమతి అక్కర్లేదు. రాజుల, దొరల వేట అడవుల సంప్రదాయం నుంచి వచ్చిన వలస ప్రజలు కొత్త దేశంలో నిలుపుకున్న పెద్ద హక్కుల్లో ఇదొకటి. వన్యప్రాణులు ఎవరి సొంత ఆస్తీ కావని, ప్రజల తరఫున రాష్ట్రం వాటికి ధర్మకర్తగా ఉంటుందని 19వ శతాబ్దం నుంచి కోర్టులు చెబుతూ వచ్చాయి. పశుక్షేత్రపు యజమాని తన కంచెలోకి ఎవరినీ రానివ్వకపోవచ్చు. ఆ కంచె లోపల మేస్తున్న ఎల్క్‌కు మాత్రం అతను యజమాని కాడు.

కొలరాడో వాయవ్యాన ఉన్న ఫ్లాట్ టాప్స్ పీఠభూమి ఇలాంటి ఉమ్మడి భూమికి మంచి ఉదాహరణ. 1891లోనే అటవీ నిల్వగా ప్రకటించిన వైట్ రివర్ ప్రాంతంలో ఇది భాగం. అక్కడి ట్రాపర్స్ సరస్సు చుట్టూ విడిది ఇళ్లకు స్థలాలు కొలిచి రమ్మని 1919లో అటవీ సంస్థ ఆర్థర్ కార్‌హార్ట్‌ను పంపింది. అక్కడ ఇళ్లే కట్టకూడదని ఆయన పై అధికారులకు నివేదించాడు. ఆ ఆలోచనే పెరిగి పెద్దదై 1964లో వైల్డర్‌నెస్ చట్టానికి దారితీసింది. 1975లో ఫ్లాట్ టాప్స్‌లోని 2.35 లక్షల ఎకరాలు ఆ చట్టం కిందికి వచ్చాయి. అక్కడ మోటారు వాహనాలకే కాదు, సైకిలుకూ ప్రవేశం లేదు. ఈ పీఠభూమి మీద తిరిగే వైట్ రివర్ మంద రాష్ట్రంలోకెల్లా పెద్దది.

ఈ ఉమ్మడి భూమి వెనుక ఒక బలవంతపు ఖాళీ ఉంది. వైట్ రివర్ లోయ యూట్ తెగది. 1879లో అక్కడి ప్రభుత్వ ఏజెన్సీ దగ్గర జరిగిన ఘర్షణ తర్వాత, 1881 నాటికి ప్రభుత్వం వారిని యూటాలోని రిజర్వేషన్‌కు తరలించింది. వేట హక్కు మీద మూలవాసుల పోరాటం ఇంకా ముగియలేదు. వయోమింగ్‌లోని బిగ్‌హార్న్ జాతీయ అడవిలో ఎల్క్‌ను వేటాడినందుకు క్రో తెగ సభ్యుడొకరిపై రాష్ట్రం కేసు పెట్టింది. 1868 ఒప్పందం తెగకు ఇచ్చిన వేట హక్కు వయోమింగ్ రాష్ట్రంగా ఏర్పడటంతో రద్దు కాలేదని 2019లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. మన దేశం ఇందుకు భిన్నమైన దారి పట్టింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధిస్తుంది. గిరిజనుల అటవీ హక్కులను గుర్తించిన 2006 చట్టం కూడా సంప్రదాయ వేట హక్కును మినహాయించింది. నల్లమల చెంచులకైనా అడవిలో కణితిని కొట్టడం నేరమే.

అనుమతి కాగితం

ఎల్క్ వేటకు తొలి మెట్టు లైసెన్సు. ప్రతి రాష్ట్రం తన భూభాగాన్ని యూనిట్లుగా విడదీసి, ఒక్కో యూనిట్‌లో ఎన్ని మగవి, ఎన్ని ఆడవి కొట్టవచ్చో ఏటా నిర్ణయిస్తుంది. డిమాండు ఎక్కువగా ఉన్నచోట లాటరీ తీస్తారు. లాటరీలో రానివారికి చాలా రాష్ట్రాల్లో పాయింట్లు జమవుతాయి. పేరున్న యూనిట్‌లో అవకాశం కోసం పదేళ్లు, ఇరవై ఏళ్లు వేచి చూసేవారున్నారు. కొలరాడోలో చాలాకాలం విల్లు వేటకు లైసెన్సు దుకాణంలో నేరుగా దొరికేది. రద్దీ పెరగడంతో బయటి రాష్ట్రాలవారికి 2025 నుంచి లాటరీ పెట్టారు. స్థానికులతో పోలిస్తే బయటివారు కట్టే రుసుము పది రెట్లకు పైమాటే. వయోమింగ్‌లో ఇంకో షరతు ఉంది: బయటి రాష్ట్రంవారు అక్కడి వైల్డర్‌నెస్ ప్రాంతాల్లో పెద్ద జంతువులను ఒంటరిగా వేటాడకూడదు. లైసెన్సు ఉన్న గైడో, స్థానికుడో తోడుండాలి.

1949లో గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు కొలరాడోలో లైసెన్సు కొనాలంటే వేట భద్రత శిక్షణ పూర్తిచేసిన ధ్రువపత్రం చూపాలి. ఉద్యోగాల కోసం తాత్కాలిక వీసాలపై వెళ్లిన తెలుగువారికి సంబంధించిన నిబంధన కూడా ఒకటుంది. అలాంటి వీసాదారులు తుపాకి దగ్గర ఉంచుకోవడాన్ని కేంద్ర చట్టం నిషేధిస్తూనే, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఇస్తుంది.

కొలరాడో నిబంధనలు సూక్ష్మంగా ఉంటాయి. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట వరకే వేట. తుపాకి సీజన్లలో ఒంటి మీద 500 చదరపు అంగుళాల మెరిసే నారింజ లేదా గులాబీ రంగు బట్ట, తలపైన అదే రంగు టోపీ తప్పనిసరి. కొలరాడోలో చాలాచోట్ల మగ ఎల్క్‌కు ఒక కొమ్మునైనా నాలుగు కొనలు ఉండాలి, లేదా నుదుటి పక్కనుంచి చీలే కొన కనీసం అయిదు అంగుళాలు ఉండాలి. కాబట్టి గురి పెట్టేలోపు కొనలు లెక్కపెట్టాల్సిందే. ఒంటరి వేటగాణ్ని చూసేవారెవరూ ఉండరు. ఈ నిబంధనలన్నీ నిలిచేది అతని నిజాయితీ మీదే.

పటం ముందు కూర్చుని

వేట ఇంటి దగ్గరే మొదలవుతుంది. ఎత్తుగీతల పటాలు, ఉపగ్రహ చిత్రాలు, భూముల సరిహద్దులు చూపే ఫోన్ యాప్‌లు ముందేసుకుని వేసవంతా గడిపేవారున్నారు. ఎల్క్‌కు కావాల్సినవి మూడు: మేత, నీరు, మాటు. దక్షిణం వైపు వాలుల్లో ఎండ పడి గడ్డి బాగా పెరుగుతుంది. ఉత్తరం వైపు వాలుల్లో స్ప్రూస్, ఫర్ చెట్లు దట్టంగా ఉండి పగలు చల్లగా ఉంటుంది. రాత్రంతా పచ్చికలో మేసిన మంద తెల్లవారగానే చెట్లలోకి వెళ్లి పడుకుంటుంది. నిటారు వాలు మధ్యలో మెట్టులా ఉండే చిన్న చదును, పక్కనే ఊట, పైన దట్టమైన చెట్లు ఒకేచోట కలిశాయంటే అక్కడ గుర్తు పెట్టుకుంటారు.

రోడ్డుకు దగ్గర్లో మనుషుల అలికిడి ఎక్కువ. అందుకే ఎల్క్‌లు లోపలికి జరుగుతాయి, వేటగాళ్లూ వాటి వెంట జరుగుతారు. ఇక్కడే ఒంటరి వేటగాడి లెక్క వేరుగా ఉంటుంది. బాగా ఎదిగిన మగ ఎల్క్ నుంచి ఎముక తీసిన మాంసం దాదాపు వంద కిలోలు వస్తుంది. కొమ్ములు, తల వేరు. ఒక విడతకు పాతిక, ముప్పై కిలోలు మోస్తే నాలుగు మోతలు. అయిదు కిలోమీటర్ల దూరంలో కొడితే బరువుతో నాలుగుసార్లు రావాలి, మధ్యలో ఖాళీ సంచితో మూడుసార్లు వెనక్కి వెళ్లాలి. మొత్తం 35 కిలోమీటర్లు. అదీ సముద్రమట్టానికి మూడు వేల మీటర్ల ఎత్తున, పలచని గాలిలో, దారి లేని వాలుల మీద. ఫ్లాట్ టాప్స్‌లో దీనికి తోడు మరో అడ్డంకి ఉంది. 1940లలో స్ప్రూస్ పురుగు సోకి చచ్చిన చెట్లు, ఆ తర్వాత కాలినవి, కూలినవి వాలుల నిండా అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. మొండేలు దాటుకుంటూ కిలోమీటరు నడవడానికి గంట పట్టే చోట్లున్నాయి. సెప్టెంబరు ఎండలో మాంసం రెండు రోజులకు మించి ఆగకపోవచ్చు. అందుకని తెలిసినవాళ్లు పటం మీద తమ హద్దు తామే గీసుకుంటారు. ఆ గీతకు అవతల ఎంత పెద్ద కొమ్ముల జంతువు కనిపించినా చూసి ఆనందించి వచ్చేస్తారు.

గాలి చెప్పినట్టు

అడవిలోకి అడుగుపెట్టాక నిర్ణయాలన్నీ గాలివే. కొండల్లో గాలికి రోజువారీ నడక ఉంది. రాత్రి చల్లబడ్డ గాలి బరువెక్కి వాలు వెంట కిందికి జారుతుంది. తెల్లవారాక ఎండ పడి నేల వేడెక్కేకొద్దీ అదే గాలి పైకి లేస్తుంది. సాయంత్రం వాలు మీద నీడ పడగానే మళ్లీ కిందికి తిరుగుతుంది. కాబట్టి ఉదయం తొలి గంటల్లో ఎల్క్‌కు కింది నుంచి, ఎండెక్కాక పైనుంచి, పొద్దువాలాక మళ్లీ కింది నుంచి సమీపించాలి. దిశ మారే ఆ కాస్త సమయం అన్నిటికంటే ప్రమాదకరం. గాలి ఎటూ తేల్చుకోక చుట్టూ తిరుగుతుంది. అనుభవమున్నవాళ్లు ఆ సమయంలో కదలరు.

ఒంటరి వేటగాళ్ల జేబులో సన్నని పొడి నింపిన చిన్న ప్లాస్టిక్ సీసా తప్పక ఉంటుంది. నొక్కితే చిటికెడు పొడి పొగలా లేస్తుంది. మొదట నిలువుగా తేలి, తర్వాత ఒక పక్కకు సాగి, పది అడుగుల అవతల ఉన్నట్టుండి వెనక్కి మళ్లడం కంటికి కనిపిస్తుంది. చెంపకు తగిలే గాలి ఈ సంగతి చెప్పదు. ఆ పొడి మంద వైపు తిరిగిందంటే, జంతువు ఎంత దగ్గరున్నా వెనుదిరిగి చుట్టూ తిరిగి రావాలి.

నేల మీద ఇంకా ఎన్నో గుర్తులుంటాయి. పెంటికలు పచ్చగా, తడిగా మెరుస్తుంటే మంద దగ్గర్లోనే ఉంది. ఎండి తేలికయ్యాయంటే అది ఎప్పుడో వెళ్లిపోయింది. బెరడు ఒలిచి బంక కారుతున్న లేత చెట్టు అక్కడ మగది కొమ్ములు రుద్దిందని చెబుతుంది. ఘాటైన మూత్రపు వాసన వచ్చే బురద గుంట అది పొర్లిన చోటు. గడ్డి మీద మంచు చెదిరిన బాటలు తెల్లవారుజామున మంద ఎటు వెళ్లిందో చూపుతాయి.

పిలుపు, గురి

సెప్టెంబరులో వేటగాళ్లు ఎల్క్ భాష మాట్లాడతారు. అంగిలికి ఆనించుకునే పలచని రబ్బరు పొరతో ఆడదాని కూతను, పొడవాటి గొట్టంతో మగదాని అరుపును అనుకరిస్తారు. ఇద్దరుంటే పని సులువు. ఒకరు వెనక నుంచి పిలుస్తారు, మరొకరు ముందు మాటేసి ఉంటారు. పిలుపు వెతుక్కుంటూ వచ్చే మగది ముందున్న మనిషిని గమనించదు. ఒంటరివాడికి ఆ వెసులుబాటు లేదు. పిలిచేదీ, కొట్టేదీ తానే. ఎల్క్ నేరుగా తన మీదికే చూస్తూ వస్తుంది.

దీనికి విరుగుడు నేలలోనే ఉంది. చిన్న మిట్టకు కాస్త వెనకగా నిలబడి పిలిస్తే, పిలిచిన చోటు చూడాలంటే ఎల్క్ మిట్ట అంచు దాకా రాక తప్పదు. ఆ అంచు విల్లుకు అందే దూరంలో ఉండాలి. ఇంకొందరు పిలిచాక యాభై అడుగులు చప్పుడు లేకుండా పక్కకు, గాలి వీచే వైపు జరుగుతారు. మగది వాసన పట్టేందుకు అటే చుట్టి వస్తుంది కనుక. తుపాకి సీజను నాటికి అరుపులు ఆగిపోతాయి. అప్పుడు ఎదురు గట్టు మీద కూర్చుని బైనాక్యులర్లతో గంటల తరబడి వాలులను అంగుళం అంగుళం వెతకడం, మంచు మీది అడుగుల వెంట నడవడం మిగులుతాయి.

గురి పెట్టే చోటు ఒక్కటే: జంతువు పక్కకు తిరిగి నిలబడినప్పుడు ముంగాలి వెనక, గుండె, ఊపిరితిత్తులు ఉన్న భాగం. అక్కడ తగిలితే నిమిషంలోపే ప్రాణం పోతుంది. ఎదురుగా, వెనకగా, కొమ్మల చాటున ఉన్నప్పుడు కొట్టకపోవడమే ధర్మం. విల్లుతో ముప్పై నలభై గజాలు మించితే చాలామంది వదిలేస్తారు. బాణం తగిలాక కనీసం అరగంట కదలకుండా కూర్చోవాలి. వెంటపడితే గాయపడ్డ జంతువు కిలోమీటర్లు పరుగెత్తగలదు. పొట్టలో తగిలిందని అనుమానం వస్తే కొన్ని గంటలు ఆగాలి. ఆ తర్వాత నెత్తుటి చుక్క దగ్గర గుర్తు కట్టుకుంటూ, మరో చుక్క దొరికేదాకా వెతుక్కుంటూ సాగాలి. ఒంటరిగా ఉన్నప్పుడు చివరి చుక్క దగ్గర నిలబడి చూసే రెండో మనిషి ఉండడు కాబట్టి ఈ పని మరీ నిదానంగా సాగుతుంది. ఎంత నేర్పు ఉన్నా, కొలరాడోలో లైసెన్సు తీసుకున్న అయిదుగురిలో అటూఇటుగా ఒక్కరికే ఎల్క్ దక్కుతుంది.

కత్తి, సంచి, వీపు

జంతువు ప్రాణం పోయిందని నిర్ధారించుకున్నాక మొదటి పని లైసెన్సుతో వచ్చిన ట్యాగు మీద తేదీ వేసి సంతకం చేయడం. రెండో పని ఒంట్లోని వేడి తగ్గించడం. చలికాలపు కోటులాంటి దట్టమైన తోలు లోపలి వేడిని పట్టి ఉంచుతుంది. తొడ ఎముక చుట్టూ ఉన్న మందపాటి కండ ఆ వేడికి ముందుగా పాడవుతుంది.

ఒంటరివాళ్లలో ఎక్కువమంది పొట్ట తెరవని పద్ధతిని ఎంచుకుంటారు. జంతువును ఒక పక్కకు పడుకోబెట్టి, పైకాలిని తాడుతో చెట్టుకు కట్టేస్తారు. కాలు పట్టుకునే తోడు లేని లోటును ఆ తాడు తీరుస్తుంది. వెన్ను వెంట మెడ నుంచి తోక దాకా గీత పెట్టి, తోలును పొట్ట వైపు ఒలుస్తారు. ముంగాలి జబ్బకు పక్కటెముకలతో ఎముక కీలు ఉండదు, కండలే పట్టి ఉంచుతాయి. కాలిని పైకెత్తి కత్తిని అడుగు నుంచి జారిస్తే మొత్తం విడివడుతుంది. వెనక తొడ దగ్గర తుంటి గుండ్రని కీలును కత్తి మొనతో వెతికి, దాన్ని పట్టి ఉంచిన నరాన్ని తెంపాలి. వెన్ను పొడవునా ఉండే మెత్తటి కండ ఒకే పట్టీగా వస్తుంది. మెడ మాంసం తర్వాత, చివరి పక్కటెముక వెనక చిన్న గాటు పెట్టి, చేయి లోపలికి పోనిచ్చి వెన్ను అడుగున దాగిన లేత కండను తీస్తారు. ఒక పక్క ఖాళీ అయ్యాక మిగిలిన బరువు ఒక్క మనిషి తిప్పగలిగేంత ఉంటుంది. రెండో పక్కా అలాగే. చట్టం కోరినట్టు ఆడా మగా తెలిపే ఆనవాలును మాంసానికి అంటి ఉంచాలి. ఈ పనికి రెండు మూడు గంటలు పడుతుంది. చాలాసార్లు అది తలకు కట్టుకున్న దీపం వెలుగులో సాగుతుంది. చీకట్లో, అలసటలో, నెత్తురుతో జారే కత్తితో చేయి తెగడం ఒంటరివాడికి అన్నిటికంటే దగ్గరి ప్రమాదం.

కోసిన భాగాలను గాలి ఆడే గుడ్డ సంచుల్లో వేసి, పేగుల కుప్పకు దూరంగా, నీడలో కొమ్మకు వేలాడదీస్తారు. కొలరాడోలో నల్ల ఎలుగులు, మోంటానా, వయోమింగ్‌లలో గ్రిజ్లీలు నెత్తుటి వాసనకు వస్తాయి. గ్రిజ్లీ తిరిగే చోట మిరప స్ప్రే నడుముకే ఉండాలి. రెండో మోతకు తిరిగి వచ్చేటప్పుడు దూరం నుంచే బైనాక్యులర్లతో చూసి, చప్పుడు చేస్తూ దగ్గరికి వెళ్లాలి. తినదగిన మాంసాన్ని అడవిలో వదిలేయడం నేరం. నాలుగు కాళ్ల భాగాలు, వెన్ను కండలు, లోపలి లేత కండలు తప్పక తేవాలి. దాన్ని అమ్మడమూ నేరమే. తినాలి, లేదా ఎవరికైనా ఊరికే ఇవ్వాలి. మాంసమంతా చేరాకే చివరి మోతలో కొమ్ములు తేవడం మర్యాద తెలిసిన వేటగాళ్ల పద్ధతి.

ఒంటరి ప్రాణానికి జాగ్రత్త

సెప్టెంబరులోనే మంచు కురవగల కొండలివి. చెమటతో తడిసిన బట్టల మీద సాయంత్రపు చలిగాలి తగిలితే ఒళ్లు గడ్డకట్టుకుపోతుంది. చీలమండ మెలిపడటం ఊళ్లో చిన్న సంగతి, సిగ్నలు లేని లోయలో ప్రాణాంతకం. బయలుదేరేముందు ఏ దారిన వెళ్లేదీ, బండి ఎక్కడ ఆపేదీ, ఎప్పటికి తిరిగొచ్చేదీ రాసి ఇంట్లో ఇవ్వడం, ఆ సమయం దాటితే ఎవరికి ఫోన్ చేయాలో చెప్పడం మొదటి జాగ్రత్త. ఉపగ్రహం ద్వారా సందేశం పంపే చిన్న పరికరం ఇప్పుడు దాదాపు అందరి భుజం పట్టీకీ ఉంటుంది. రెండు రకాల నిప్పు సాధనాలు, పొడి బట్టలు, రక్తం ఆపే కట్టు, నీటిని శుద్ధిచేసే వడపోత సంచిలో తప్పనిసరి. బరువు మోస్తూ నిటారు వాలు దిగేటప్పుడే ఎక్కువమంది పడతారు. అందుకే కష్టమైన చోట మోతను సగం చేసుకుని రెండుసార్లు నడుస్తారు.

దారి మీద తగవు

రైలు కంపెనీలకు 19వ శతాబ్దంలో ఒక చదరపు మైలు విడిచి ఒక చదరపు మైలు భూమి ఇచ్చారు. దాంతో పడమట చాలాచోట్ల ప్రభుత్వ, ప్రైవేటు భూములు చదరంగం బల్ల గళ్లలా పక్కపక్కన ఉన్నాయి. రెండు ప్రభుత్వ గళ్లు మూల దగ్గర మాత్రమే కలుస్తాయి. వయోమింగ్‌లోని ఎల్క్ మౌంటెన్ వద్ద మిజోరీ నుంచి వచ్చిన నలుగురు వేటగాళ్లు ప్రైవేటు నేల మీద కాలు పెట్టకుండా నిచ్చెన వేసుకుని ఆ మూల దాటారు. వారిపై క్రిమినల్ కేసు నమోదైంది, భూయజమాని దావా కూడా వేశాడు. 2022లో క్రిమినల్ కేసులో జ్యూరీ వారిని నిర్దోషులని తేల్చింది. ప్రభుత్వ భూమికి దారి మూసేయడాన్ని నిషేధించే 1885 నాటి చట్టం ఆధారంగా, పదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు 2025 మార్చిలో సివిల్ దావాలోనూ వేటగాళ్ల పక్షానే నిలిచింది. అదే ఏడాది లక్షల ఎకరాల ప్రభుత్వ భూమిని అమ్మాలని సెనేట్‌లో ప్రతిపాదన వచ్చింది. పార్టీల తేడా లేకుండా వేటగాళ్లు, చేపలు పట్టేవారు, పర్వతారోహకులు ఒక్కటై వ్యతిరేకించడంతో జూన్‌లో దాన్ని ఉపసంహరించుకున్నారు.

వేటనే తప్పుపట్టేవారి మాట కూడా బలమైనదే. గురి తప్పి గాయపడి, దొరక్కుండా పోయే జంతువుల బాధకు లెక్క ఉండదు. 2022 జాతీయ సర్వే ప్రకారం వేటాడేవారు 1.44 కోట్లే. వన్యప్రాణుల విధానంలో మిగతా కోట్ల మంది గొంతుకు తగిన చోటు లేదని, లైసెన్సు డబ్బు మీద నడిచే వ్యవస్థ వేట జంతువులకే ప్రాధాన్యం ఇస్తుందని వారంటారు. ఉమ్మడి భూమిలో సొంత కాళ్లతో, తినడానికి సరిపడా, మోయగలిగినంతే వేటాడే మనిషి ఈ విమర్శకు ఇవ్వగల జవాబు అతని పద్ధతే. కొట్టగలిగీ వదిలేసిన ప్రతి సందర్భం, వృథా కాని ప్రతి కిలో అందులో భాగం.

వేట ముగిశాక

ఇంటికి చేరిన మాంసంతో పని పూర్తికాదు. జింకజాతి జంతువుల మెదడును తినేసే క్రానిక్ వేస్టింగ్ వ్యాధిని మొదట 1967లో కొలరాడోలోనే గమనించారు. ప్రియాన్లనే వికృత ప్రొటీన్ల వల్ల వచ్చే ఈ జబ్బు మనుషులకు సోకినట్టు ఆధారాలు లేవు. అయినా వ్యాధి ఉన్న జంతువు మాంసం తినవద్దని ఆరోగ్య సంస్థలు హెచ్చరిస్తున్నాయి. అందుకే వేటగాళ్లు తలను పరీక్షా కేంద్రంలో ఇచ్చి, ఫలితం వచ్చేదాకా ఆగుతారు. కొన్ని యూనిట్లలో ఈ పరీక్ష తప్పనిసరి. సీజను తర్వాత రాష్ట్ర వన్యప్రాణి శాఖ లైసెన్సుదారులను సర్వే చేసి ఎవరు ఏ యూనిట్‌లో ఎన్ని రోజులు వేటాడారో, ఏమి దక్కిందో అడుగుతుంది. ఏమీ దక్కనివారి జవాబూ అంతే విలువైనది. శీతాకాలంలో మందలు మంచుకు తట్టుకోలేక కింది లోయల్లోకి దిగినప్పుడు జీవశాస్త్రవేత్తలు హెలికాప్టర్లలో తిరిగి, వంద ఆడవాటికి ఎన్ని మగవి, ఎన్ని పిల్లలు ఉన్నాయో లెక్కిస్తారు. పరీక్షా ఫలితాలు, సర్వే జవాబులు, ఈ లెక్క మూడూ కలిపి, వచ్చే ఏడాది ఏ యూనిట్‌కు ఎన్ని లైసెన్సులు ఇవ్వాలో నిర్ణయిస్తారు.